తాబేలు కాలు వాచింది... ఇంకో డాక్టరుకు చూపించాలా?

మా బాబు ఆరో తరగతి. మూడేళ్లుగా గాజుతొట్టిలో ఎర్రచెవుల తాబేలును పెంచుతున్నాడు. పది రోజుల కిందట దాని వెనక కాలు వాచింది. దగ్గర్లోని డాక్టరుగారు సూదితో చీము తీయబోయారు. ఏమీ రాలేదు. రెండు ఇంజెక్షన్లు చేశారు. వాపు తగ్గలేదు సరికదా, తిండి కూడా మానేసింది. కాలు తీసేయాల్సి రావచ్చంటున్నారు. మావారేమో సఫిల్‌గూడ చెరువులో వదిలేద్దాం, అదే బాగవుతుందంటున్నారు. ఆ మాట విన్నప్పట్నుంచి బాబు ఏడుపు ఆపడం లేదు. ఇంకొకరికి చూపిస్తే మొదటి డాక్టరుగారు ఏమైనా అనుకుంటారా?
- ఓ సోదరి, మల్కాజ్‌గిరి

ముందు మీవారి మాట సంగతి చూద్దాం. చెరువులో వదలొద్దమ్మా. అది అమెరికా జాతి. బతికితే మన తాబేళ్ల తిండికీ చోటుకూ పోటీకొస్తుంది. ఈ నీరసంలో అయితే బతకడమే కష్టం. ఈదలేకపోతే తాబేలైనా నీళ్లలో మునిగి చచ్చిపోతుంది.

ఇంకో డాక్టరుకు తప్పకుండా చూపించండి. మొహమాటమెందుకు? మన దగ్గర పశువైద్యుల దగ్గరికి రోజూ వచ్చేవి కుక్కలు, పిల్లులే. తాబేలు ఎప్పుడో ఒకటి. మొదటి డాక్టరుగారినే అడిగి, ఇచ్చిన మందుల పేర్లు, మోతాదు, తేదీలు రాయించుకోండి. ఆ చీటీ ముఖ్యం. కొన్ని యాంటీబయాటిక్స్ కిడ్నీలకు భారం. తెలియక అదే మందు మళ్లీ పడితే ప్రమాదం.

సూదికి ఏమీ రాలేదంటే చీము లేదని కాదు. మనకైతే చీము పల్చగా కారుతుంది. తాబేళ్లు, బల్లులు, పాముల్లో అది గట్టిపడి జున్నుముక్కలా తయారవుతుంది. సూదిలోంచి ఎలా వస్తుంది? మత్తిచ్చి, కోసి, గడ్డను మొత్తంగా తీయాలి. అలాగని ప్రతి వాపూ చీముగడ్డ కాదు. ఎముక విరిగినా, కాల్షియం తక్కువై ఎముకలు మెత్తబడినా, కిడ్నీలు దెబ్బతిని కీళ్లలో యూరిక్ యాసిడ్ పేరుకున్నా కాలు వాస్తుంది. పైకి అన్నీ ఒకలాగే ఉంటాయి. అందుకే ఎక్స్‌రే, వీలైతే రక్తపరీక్ష చేయించండి. కాలు తీయాలా వద్దా అన్నది ఆ తర్వాతి మాట. ఒకవేళ తప్పకపోయినా, మూడు కాళ్లతో తాబేళ్లు బతుకుతాయని బాబుకు చెప్పండి.

కొత్త డాక్టరుగారిని ఒక మాట అడగండి... ఇంజెక్షన్ ముందు కాలికా, వెనక కాలికా అని. వీటిలో వెనక కాళ్ల రక్తం కిడ్నీల మీదుగా వెళ్లే దారి ఒకటుంది. అందుకే చాలామంది ముందు కాలికే చేస్తారు. ఐవర్‌మెక్టిన్ మాత్రం ఎవరు రాసినా వద్దనండి. కుక్కలకు వాడే ఆ మందు తాబేళ్లకు ప్రాణాంతకం.

నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. మీకు దూరమైనా రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. తాబేళ్లను చూసేవారు ఏ రోజు ఉంటారో ముందే ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. నీళ్లలో పెట్టి తీసుకెళ్లకండి. గాలాడే టబ్బులో తడి తువ్వాలు పరిచి ఉంచితే చాలు. ఒంట్లో వెచ్చదనం లేకపోతే వీటికి మందు సరిగా పనిచేయదు. కాబట్టి చలిగాలి తగలనివ్వకండి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ లెక్కలోకి రాదు. ఎముకలకు పనికొచ్చే కిరణాలను అద్దం ఆపేస్తుంది.

బాబును కూడా వెంట తీసుకెళ్లండి. తాబేలును ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించండి. వీటి ఒంటి మీద సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉంటుంది. తొట్టి నీళ్లు వంటింటి సింకులో పారబోయకండి.