కాలి రంగు చూశారా?

ఆదివారం కోట్‌పల్లి ప్రాజెక్టుకి బయల్దేరేవాళ్లు చాలామంది తెడ్డు పట్టి పడవ నడిపే సరదా కోసమే వెళ్తారు. డిసెంబరు, జనవరి నెలల్లో మాత్రం నీళ్లవైపు చూడకుండా, నీళ్లు వెనక్కి తగ్గిన బురద అంచున గంటలకొద్దీ గొంతుక్కూర్చునేవాళ్లూ కొందరుంటారు. మెడలో బైనాక్యులర్, జేబులో చిన్న నోటుపుస్తకం. ఇంతా చేసి వాళ్లు చూసేది నెమలినో రామచిలుకనో కాదు. పిచ్చుకంత ఒళ్లు, పొడుగు కాళ్లు, రంగూ హంగూ లేని బూడిద పిట్టల్ని!

మన పెద్దలు వీటిలో చాలావాటిని కలిపి ఉల్లంకి పిట్టలు అనేశారు. తప్పు పట్టాల్సిన పనిలేదు. ఉత్తరాన టండ్రా మైదానాల్లో గుడ్లు పెట్టేటప్పుడు ఒక్కో జాతిదీ ఒక్కో రంగు. చలికి మనవైపు వచ్చేసరికి ఆ పెళ్లికళ కాస్తా రాలిపోయి చాలావాటికి తాండూరు నీలిబండ రంగే మిగులుతుంది. అసలు చిక్కంతా అక్కడే.

అయినా కొన్ని సులువే. అస్తమానం తోక ఆడిస్తూ, భుజం దగ్గర తెల్లటి చీలిక కనిపిస్తే కామన్ శాండ్‌పైపర్. వీపంతా చుక్కలు, కాళ్లు పసుపు, కంటిమీద పొడవాటి తెల్లగీత ఉంటే వుడ్ శాండ్‌పైపర్. గ్రీన్ శాండ్‌పైపర్‌కి పచ్చదనం పేరులోనేగానీ ఒంటిమీద పెద్దగా కనిపించదు. ఒంటరిది. పెద్ద చెరువు కూడా అక్కర్లేదు, తాండూరు వైపు కాగ్నా ఒడ్డున చిన్న మడుగున్నా దానికి చాలు. ఎగిరినప్పుడు పైనంతా నలుపు, నడుం దగ్గర తళుక్కున తెలుపు. ఒకసారి చూస్తే మర్చిపోరు.

కష్టం చిన్నవాటితోనే. లిటిల్ స్టింట్, టెమ్మింక్ స్టింట్ రెండూ అరచేతిలో పట్టేంతే ఉంటాయి. బరువు ఇరవై, ముప్ఫై గ్రాములు. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చేది ఆ ఒంటితోనే! పుస్తకం చాలా తేలిగ్గా చెప్పేస్తుంది: నల్లకాళ్లుంటే లిటిల్, పసుపు కాళ్లుంటే టెమ్మింక్ అని. కానీ పిట్ట నిలబడింది మన నల్లరేగడి బురదలో. పసుపు కాళ్లకి బురద అంటితే అవీ నల్లకాళ్లే! కొత్తవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. అనుభవజ్ఞులు కూడా పడతారు, కాకపోతే బయటికి చెప్పరు. అందుకే అది నీళ్లలోకి దిగి కాళ్లు కడుక్కునేదాకా ఆగాలి. ఈలోగా నడక చూడొచ్చు. లిటిల్ స్టింట్ ఒకచోట నిలవదు, గుంపులో అటూఇటూ పరుగే పరుగు. టెమ్మింక్ ఒళ్లు దగ్గరకు ముడుచుకుని మెల్లగా మేస్తుంది. ఎగిరితే తోక అంచులు తెల్లగా మెరుస్తాయి.

ఇక ఈ గుంపులో ఓ రోజు, స్టింట్ల కంటే కాస్త పెద్దది, ముక్కు కిందికి వంగినది ఒకటి కనిపించిందనుకోండి. గుండె ఝల్లుమంటుంది! అది ఎక్కువగా సముద్రతీరాల్లో కనిపించే కర్లూ శాండ్‌పైపర్ కావచ్చు. దాని దగ్గరి చుట్టం డన్లిన్ కూడా కావచ్చు. దక్కను పీఠభూమి మీద ఏదైనా విశేషమే. మెడ, కాళ్లు పొడవుగా, ముక్కు వంపు సాఫీగా ఉంటే కర్లూ వైపు మొగ్గొచ్చు. కానీ ముక్కు పొడవు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు, అందులో ఎక్కువతక్కువలుంటాయి. తేల్చేది నడుం. ఎగిరినప్పుడు నడుం పూర్తిగా తెల్లగా ఉంటే కర్లూ, మధ్యలో నల్లగీత ఉంటే డన్లిన్. ఆ రెండు క్షణాల్లో చూడాలి, వీలైతే ఫొటో తీయాలి. రాళ్లు విసిరి లేపడం మాత్రం పద్ధతి కాదు. తిండి కోసం వచ్చిన పిట్ట అది.

ఏదైతే ఏం అంటారా? 2024 అక్టోబరులో ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం 16 జాతుల వలస తీరపక్షుల్ని మునుపటికంటే ప్రమాదకరమైన వర్గాల్లోకి మార్చింది. అందులో ఈ రెండూ ఉన్నాయి. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల లెక్క జరుగుతోంది. ఇలాంటి లెక్కల్ని బట్టే ఏ పక్షి తగ్గుతోందో తెలిసేది. కర్లూని డన్లిన్ అని రాస్తే ఒకదాని లెక్క తగ్గి, ఇంకోదాని లెక్క పెరుగుతుంది.

కలివికోడి కథ తెలిసిందే. ఇదీ తీరపక్షుల వర్గానిదే, కాకపోతే పొదల్లో ఉంటుంది. 1900 తర్వాత జాడలేక అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో స్థానిక వేటగాడొకరు రాత్రివేళ లైటు వెలుగులో పట్టుకున్నాడు. చేతిలో పిట్ట ఉంది కాబట్టి వాదన లేకపోయింది. కోట్‌పల్లి ఒడ్డున ఆ వీలులేదు. పట్టుకోవడం నేరం కూడా. అందుకే అక్కడికక్కడే రాసుకోవాలి: కాళ్లు, ముక్కు, నడుం, కూత, వెలుతురు ఎటునుంచి పడిందో కూడా. ఇంటికెళ్లి పుస్తకం తెరిచాక గుర్తొచ్చేవి చూసినవి కావు, చదివినవి. తేలకపోతే ‘తెలియని ఉల్లంకి, 1’ అని రాసి ఊరుకోవచ్చు.

వేసవి దాకా ఓపిక పడితే ఇంకో అవకాశం ఉంది. తిరుగు ప్రయాణానికి ముందు ఈకలు మారడం మొదలవుతుంది. ఏప్రిల్‌లో అదే బురద అంచున ఆ పిట్ట ఇంకా ఉంటే, పొట్ట ఇటుక ఎరుపుకి తిరిగితే కర్లూ, పొట్ట మీద నల్లమచ్చ వస్తే డన్లిన్.