ఆవకాయకి తాళం

మా ఆవిడ ఆవకాయ సీసా పట్టుకుని గుడారంలోకి దూరబోతుంటే మా అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది.

"అమ్మా, అది కారులో పెట్టాలి."

"అన్నాలు తిన్నాక పెడదాంలేవే."

"తినేటప్పుడు తప్ప ఎప్పుడూ కారులోనే ఉండాలి."

టూత్‌పేస్టు, కొబ్బరినూనె, నా దగ్గు బిళ్లలు కూడా కారులోకే వెళ్లాయి. వాసన వచ్చేదేదీ గుడారంలో ఉండకూడదట. ఆ లెక్కన నేనూ ఉండకూడదు. అక్కడ స్నానాల గది లేదు మరి.

ఇదంతా అమెరికాలో, టెన్నెసీ, నార్త్ కరోలినా రాష్ట్రాల సరిహద్దు మీద పరుచుకున్న గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కులో, ఎల్క్‌మాంట్ క్యాంపుగ్రౌండులో జరిగిన సంగతి. అట్లాంటాలో ఉండే మనవాళ్లకి స్మోకీస్ అంటే పక్క ఊరితో సమానం. మూడు రోజులు సెలవు దొరికితే నాలుగు గంటలు కారు నడుపుకుంటూ గాట్లిన్‌బర్గో పిజన్ ఫోర్జో వచ్చి, కొండ మీద కేబిన్ అద్దెకి తీసుకుంటారు. నాలుగు కుటుంబాలు కలిసి బిర్యానీ వండుకుని, వేడినీళ్ల తొట్టిలో కూర్చుని కొండల్ని చూసి వెళ్తారు. మేమూ రెండుసార్లు అలాగే చూశాం. ఈసారి అమ్మాయి గుడారం అంది. జూన్ మొదటివారానికి డిసెంబరులోనే చోటు పట్టేసింది. ఆరు నెలల ముందు బుకింగ్ తెరుస్తారు, చూస్తూ ఉండగానే అయిపోతాయి. తిరుమల మూడు వందల టికెట్టు కోసం కంప్యూటర్ ముందు కాపు కాసినవాళ్లకి ఈ అనుభవం నేను వర్ణించక్కర్లేదు.

ఎల్క్‌మాంట్‌లో దాదాపు రెండు వందల గుడారాల చోట్లున్నాయి. ఒక్కో చోటికీ చదును చేసిన కంకర నేల, ఒక బల్ల, చుట్టూ ఇనుప కట్టు ఉన్న నెగడు గుంట. పంపులో చన్నీళ్లు, మరుగుదొడ్డి ఉంటాయి గానీ కరెంటు ఉండదు. చోటుకి ఆరుగురికి మించకూడదు, పద్నాలుగు రోజులకి మించి ఉండకూడదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా గొంతు లేవకూడదు. కట్టెలు ఇంటి నుంచి తేకూడదు. వేడిచేసి పురుగు చంపినవని ముద్ర వేసిన కట్టెలే కొనాలి. ఈ చివరిది చాదస్తమనుకున్నాను. కానీ ఒకప్పుడు ఈ కొండల నిండా ఉన్న చెస్ట్‌నట్ చెట్లు ఆసియా నుంచి వచ్చిన తెగులుకి ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలోనే పోయాయి. 2002లో ఇంకో పరదేశి పురుగు హెమ్లాక్ చెట్లకి పట్టిందని ఇక్కడ కనిపెట్టారు. దారి పక్కన ఎండి తెల్లబడ్డ హెమ్లాక్ మోడులు చూశాక నా చంకలో ఉన్న కట్టెల మూట మీద ముద్ర ఉందో లేదో నేనే మళ్లీ చూసుకున్నాను.

ఇక ఎలుగులు. ఈ పార్కులో దాదాపు 1,900 నల్ల ఎలుగులున్నాయని అంచనా. మనిషి తిండి రుచి మరిగిన ఎలుగు మళ్లీ మళ్లీ మనుషుల్లోకి వస్తుంది, చివరికి దాన్నే చంపాల్సి వస్తుంది. కాబట్టి కారులో తాళం వేసింది మమ్మల్ని కాపాడటానికి మాత్రమే అనుకోవడం మన గొప్ప. ఆవకాయ నుంచి ఎలుగును కాపాడుతున్నారు.

ఈ కట్టుబాట్లన్నీ నాకు నచ్చాయని ముందే ఒప్పుకుంటాను. అవి అందరికీ ఒకటే. నా పక్క చోటులో ఒక ముసలి జంట పాత వ్యానులో, అటు పక్క మా అమ్మాయి కారుకి మూడింతల కారులో ఒక కుటుంబం. అందరికీ అదే కంకర, అవే చన్నీళ్లు. ఎక్కువిస్తాను, మంచి గది చూపించమంటే చూపించడానికి గదే లేదు. పార్కులోకి రావడానికి టికెట్టు కూడా లేదు. కొండల మధ్య నుంచి పోయే రోడ్డును పార్కుకి అప్పగించేటప్పుడు టోల్ వసూలు చేయకూడదని టెన్నెసీ రాష్ట్రం షరతు పెట్టింది, అది ఇప్పటికీ నడుస్తోంది. 2023 నుంచి కారు నిలుపుకోవడానికి మాత్రం డబ్బు తీసుకుంటున్నారు. ఇటీవలి ఏళ్లలో ఏటా కోటీ ఇరవై లక్షలకు అటూ ఇటూగా జనం వచ్చిపోతున్న చోటు. అడవిలో మనిషి అతిథిలా మెలగాలంటే ఇలాగే ఉండాలి అనుకున్నాను.

ఆ మెచ్చుకోలు మర్నాడు పొద్దుటి నడక దాకా నిలిచింది.

ఏటి వెంట కాలిబాట పట్టి పోతుంటే చెట్ల మధ్య ఒక రాతి పొగగూడు కనిపించింది. ఇల్లు లేదు. పొయ్యి, దాని మీద నిటారుగా గూడు, అంతే. ఇంకొంచెం దూరంలో మరొకటి. ఒకచోట మెట్లున్నాయి, ఎక్కితే చేరే గడప లేదు. మా ఆవిడ ఒక పొయ్యి ముందు ఆగి, "ఇంటిని తీసేసి పొయ్యి ఉంచారేమండీ?" అంది.

మేం అంతవరకూ మానవమాత్రుడు తాకని అడవి అనుకున్నది నిజానికి ఒకసారి నున్నగా గొరిగేసిన కొండ. కర్నల్ టౌన్సెండ్ అనే ఆయన పెట్టిన లిటిల్ రివర్ లంబర్ కంపెనీ ఈ లోయలోకి రైలు పట్టాలు వేసి, 1908 ప్రాంతంలో ఎల్క్‌మాంట్ అనే కలప ఊరిని నిలబెట్టింది. మేం గుడారం వేసుకున్నది ఆ ఊరు ఉన్న చోటే. మేం కారులో వచ్చిన రోడ్డు ఆ రైలు కట్టే. చెట్లు కొట్టిన దారినే నాక్స్‌విల్ ధనికులు వేసవి విడిదికి రావడం మొదలుపెట్టారు. 1910లో అపలాచియన్ క్లబ్, రెండేళ్లకి వండర్‌లాండ్ హోటల్ వెలిశాయి. ఏటి పక్క వరసకి మిలియనీర్స్ రో అని పేరొచ్చింది. మా ఆవిడ ఆగింది ఆ కోటీశ్వరుల పొయ్యి ముందే.

1934లో నేషనల్ పార్కు ఏర్పడింది. భూమి కొనడానికి బడిపిల్లలు పైసలు పోగేశారు. జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ తల్లి పేరు మీద యాభై లక్షల డాలర్లిచ్చాడు. ఇంతవరకూ పార్కు పుస్తకాల్లో గర్వంగా రాసుకునే కథ. ఆ కొండల్లో అప్పటికే 1,200 మందికి పైగా భూయజమానులున్నారు, వాళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. అంతకు ముందు ఈ కొండలు చెరోకీ ఆదివాసులవి. 1838లో అమెరికా సైన్యం వాళ్లలో అత్యధికుల్ని పడమటికి తరిమింది. పార్కులో ఎత్తైన శిఖరానికి వాళ్ల పేరు కువోహీ తిరిగి వచ్చింది మొన్న 2024లో.

అడవి కోసం మనుషుల్ని పంపేశారు అని ఒక్క ముక్కలో చెప్పేస్తుంటాం. ఏ మనుషుల్ని అని అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది. ఎల్క్‌మాంట్ విడిది ఇళ్లవాళ్లు సగం ధర తీసుకుని బతికినంత కాలం ఉండే లీజు సంపాదించారు. 1952లో దాన్ని ఇరవై ఏళ్ల లీజుగా మార్పించుకున్నారు. 1972లో ఇంకో ఇరవై ఏళ్లు. అలా చాలా ఇళ్ల లీజు 1992 చివరిదాకా సాగింది. మొక్కజొన్న చేను మీద బతికినవాళ్లలో చాలామందికి ఆ వెసులుబాటు దొరకలేదు. కలప కంపెనీ కూడా భూమి అమ్మేటప్పుడే మరి కొన్నేళ్లు కొట్టుకునే హక్కు రాయించుకుంది. పార్కు పుట్టాక కూడా 1939 దాకా రంపం ఆగలేదు.

రైతుల్లో లీజు దక్కించుకున్నవాళ్లు కొందరున్నారు. వాకర్ అక్కచెల్లెళ్ల ఇల్లు ఇక్కడికి దగ్గరే, లిటిల్ గ్రీన్‌బ్రయర్‌లో. ఆ మధ్యాహ్నం వెళ్లాం. దుంగలతో కట్టిన ఇల్లు, ఊట మీద కట్టిన ఒక చిన్న గది, మొక్కజొన్న గాదె. పెళ్లి చేసుకోని అయిదుగురు ఆడవాళ్లు. గొర్రెలు పెంచి, ఉన్ని వడికి, పత్తి పండించి, మగ్గం మీద నేసుకుని బతికారు. కదలం అన్నారు. చివరికి 1940లో 4,750 డాలర్లకి 120 ఎకరాల పైచిలుకు భూమి రాసిచ్చి, చచ్చేదాకా ఉండే హక్కు నిలుపుకున్నారు. హక్కుతోపాటు షరతులు వచ్చాయి: వేటాడకూడదు, చేపలు పట్టకూడదు, కట్టె కొట్టకూడదు, పశువుల్ని మేపకూడదు. పుట్టిన ఇంట్లో వాళ్లు క్యాంపర్లయ్యారు. తేడా ఏమిటంటే మా చోటుకి పద్నాలుగు రోజుల గడువు, వాళ్లకి ఒక్కొక్కరి ఆయుష్షే గడువు. 1946లో ఒక పెద్ద పత్రిక వాళ్ల గురించి రాయడంతో జనం చూడటానికి ఎగబడ్డారు. వచ్చినవాళ్లకి వాళ్లు ఆపిల్ పైలు, చేతితో చేసిన బొమ్మలు అమ్మారు, లూయీసా తను రాసిన కవితలు అమ్మింది. ఓపిక తగ్గాక, సందర్శకులకు స్వాగతం అన్న పలకని తీసేయమని పార్కువాళ్లని వాళ్లే అడిగారు. 1964లో లూయీసా పోవడంతో ఆ ఇల్లు ఖాళీ అయింది.

తిరిగొస్తూ మా ఆవిడ పెచ్చెరువు మాట ఎత్తింది. పెళ్లికి ముందు ఒక శివరాత్రికి వాళ్ల నాన్నతో ఆత్మకూరు వైపు వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం నడిచింది. పెచ్చెరువు దగ్గర చెట్ల కింద దుప్పటి పరుచుకుని పడుకున్నారు. గుడారం లేదు, బుకింగ్ లేదు. ఎవరో అన్నం పెట్టారు, అక్కడి చెంచులు దారి చెప్పారు. నల్లమల కొండల్లో రాత్రి పడుకోవడం మనవాళ్లు ఏ దేశం నుంచీ నేర్చుకోలేదు. అడవిలో పడేసిన విస్తళ్లు ఎవరెత్తారని అడిగాను. "అప్పుడు మోదుగాకులే కదండీ" అంది. ఇప్పుడు ఆ దారిలో ఏం పడుతోందో మన పత్రికలే ఏటా ఫొటో వేస్తున్నాయి.

ఆ నల్లమలే ఇప్పుడు కృష్ణకి రెండు పక్కలా పులుల అభయారణ్యం. పులికోసం గూడెం ఖాళీ చేసే కుటుంబానికి 15 లక్షల రూపాయల ప్యాకేజీ ఉంది. మరోపక్క మన్ననూరులో సందర్శకులకి కాటేజీలు, ఫర్హాబాద్ వైపు సఫారీ ఉన్నాయి. పులికి చోటు కావాలనడంలో నాకు సందేహం లేదు. రాత్రి బసకి వచ్చే నాలాంటివాడికి దారి వెడల్పు చేస్తూ, అక్కడే పుట్టినవాడికి లీజైనా ఇవ్వకపోతే మాత్రం స్మోకీస్ చేసిన తప్పును తొంభై ఏళ్లు ఆలస్యంగా మనం చేసినట్టు. కోర్ ఏరియాలో ఉండనిచ్చే హక్కు గురించి అటవీ హక్కుల చట్టం 2006 నుంచే మాట్లాడుతోంది. కాబట్టి కొత్తగా కనిపెట్టాల్సింది కూడా ఏమీ లేదు.

చీకటి పడ్డాక అసలు డిసెంబరులో బుక్ చేసింది దేనికో చూశాం. ఎల్క్‌మాంట్ మిణుగురులు గుంపంతా ఒక్క తాళానికి వెలుగుతాయి. అయిదారుసార్లు అడవంతా ఒక్కసారే మెరుస్తుంది, ఆరుతుంది. తర్వాత కొన్ని సెకన్లు కటిక చీకటి. మళ్లీ మొదలు. విడిది ఇళ్లవాళ్లు దీన్ని లైట్ షో అని పిలుచుకుంటూ, దుప్పట్లు కప్పుకుని వరండాల్లో కూర్చుని ఏళ్ల తరబడి చూశారు. అమెరికాలో ఇలాంటివి లేవని శాస్త్రవేత్తలు అనుకుంటున్న రోజుల్లో, ఆ వరండాల్లో వేసవులు గడిపిన లిన్ ఫాస్ట్ అనే ఆవిడ, మా దగ్గర ఉన్నాయి అని వాళ్లకి ఉత్తరం రాసింది. తొంభైల మొదట్లో, లీజులు ముగుస్తున్న రోజుల్లో. ఇప్పుడు బయటివాళ్లు కారుకి లాటరీ తగిలితేనే ఆ వారం లోపలికి రాగలరు. క్యాంపులో ఉన్నవాళ్లు నడిచి వెళ్లొచ్చు. టార్చికి ఎర్ర కాగితం చుట్టాలి, వెలుగు నేలకే కొట్టాలి.

అవి మెరిసిన ప్రతిసారీ రాతి పొగగూళ్లు కనిపిస్తున్నాయి. ఆరగానే పోతున్నాయి. వందల మంది ఉన్నాం, ఒక్కరూ మాట్లాడలేదు.

గుడారం చేరేసరికి పదిన్నర దాటింది. అందరికీ ఆకలి. బల్ల మీద తిందామంటే దీపం వేయాలి, మిణుగురులకి అడ్డం. గిన్నెల చప్పుడు పక్కవాళ్లకి అడ్డం. అల్లుడు కారు తలుపు మెల్లగా తీశాడు. నలుగురం లోపల ఇరుక్కుని కూర్చున్నాం. లోపలి లైటు ఆర్పేశాడు. మా ఆవిడ ఒళ్లో పెరుగన్నం గిన్నె, కాళ్ల దగ్గర ఆవకాయ సీసా. చీకట్లో ముద్ద కలిపి చెయ్యి చాపేది, ఎవరి చెయ్యి తగిలితే వాళ్లకి పెట్టేది. నాకు రెండుసార్లు బద్ద లేని ముద్ద వచ్చింది.

"మీరు కాస్త అద్దం దించండి, ఉక్కపోస్తోంది" అంది గుసగుసగా.

"అమ్మా, వాసన!" అంది అమ్మాయి.