పది నిమిషాల అబద్ధం

మా హాల్లో గోడ గడియారం పది నిమిషాలు ముందుంటుంది. కాకినాడ బస్సు అందాలని అత్తయ్యగారు పెట్టిన అలవాటు, నేనూ కొనసాగించాను. అందరికీ సంగతి తెలుసు కాబట్టి అందరూ మనసులో పది నిమిషాలు తీసేసుకుంటారు. బస్సు మాత్రం ఎప్పటిలాగే పరిగెత్తుకుంటూనే ఎక్కుతాం.

మొన్న మా అమ్మాయి డిగ్రీ దరఖాస్తుకి ఆఖరి రోజు. సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుంటే వెబ్‌సైట్ తెరుచుకోదే! ఇంగ్లీషులో గడియారం గురించి ఏదో అంటోంది. నెట్ గొడవేమోనని మావారు రౌటర్ ఆపి మళ్ళీ వేశారు. అమ్మాయి ఏడుపొక్కటే తక్కువ. తొమ్మిది చదివే మా అబ్బాయి గుమ్మం దగ్గర గోళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాడు. అరగంటకి నోరు విప్పాడు. "అమ్మా, టైమ్ నేనే మార్చాను."

ఆటలో లైఫులు అయిపోతే కొన్ని గంటలు ఆగాలట. తేదీ ముందుకి జరిపితే వెంటనే వచ్చేస్తాయట. అందుకని సెట్టింగ్స్‌లో టైమ్ దానంతటదే సరిచేసుకునే ఏర్పాటు ఆపేశాడు. తేదీ వెనక్కి తిప్పేటప్పుడు సంవత్సరం చూసుకోలేదు. సురక్షితమైన వెబ్‌సైట్లకి ఫలానా తేదీ వరకే చెల్లే ధ్రువపత్రాలుంటాయి. మా కంప్యూటరేమో వచ్చే ఏడాదిలో కూర్చుంది. దాని లెక్కలో ఆ పత్రానికి గడువు తీరిపోయింది! వాడే తేదీ సరిచేసి, ఆ ఏర్పాటు మళ్ళీ ఆన్ చేశాడు. దరఖాస్తు వెళ్ళింది.

"మన కంప్యూటర్‌లో టైమ్ మన ఇష్టం కాదా?" అన్నాడు తర్వాత. కాదనే నా అభిప్రాయం. గోడ గడియారం మనతోనే మాట్లాడుతుంది. కంప్యూటర్ గడియారం మన తరఫున ఊరందరితోనూ మాట్లాడుతుంది. నెట్ లేని కంప్యూటరైతే వేరే సంగతి.

అసలు టైమ్ అంటేనే నలుగురూ కలిసి చేసుకున్న ఒప్పందం. ఒకప్పుడు మద్రాసుకి ఒక టైమ్, కలకత్తాకి ఒక టైమ్, బొంబాయికి ఇంకో టైమ్. 1906లో దేశానికంతటికీ ఒకే ప్రామాణిక సమయం వచ్చింది. దానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ మన కాకినాడ పక్క నుంచే పోతుంది. మన రామచంద్రపురం దానికి కాస్త పడమర. సూర్యుణ్ణి బట్టి చూస్తే మనం రెండు నిమిషాలు వెనక. అయినా మన ఊరికి వేరే టైమ్ కావాలని ఎవరం అడగలేదు కదా!

ఇదంతా చెబితే వాడు గోడ వైపు చూశాడు. "మరి అదో?"

నా దగ్గర జవాబు లేదు. వాడు ఆటని మోసం చేస్తే, నేను ఇంటిల్లిపాదినీ తొందరపెట్టడానికి అబద్ధం చెబుతున్నాను. టైమ్ మార్చడం కన్నా ఆ అరగంట వాడు నోరు విప్పకపోవడమే నన్ను బాధపెట్టింది. నేను తిడతానని భయం. అక్క ఏడాది పోయేంత పని జరుగుతున్నా ఆ భయమే గెలిచింది. పిల్లలు నిజం చెప్పాలంటే ఇంట్లో ఒక్క గడియారమైనా నిజం చెప్పాలి, చెప్పినవాణ్ణి అమ్మ తిట్టకుండా వినాలి.

ఆ రాత్రే స్టూలెక్కి గడియారం సరిచేశాను. వారం నుంచీ మావారు ఆఫీసుకి పది నిమిషాలు ఆలస్యంగా వెళుతున్నారు. ఇంకా తీసేసుకునే లెక్కేస్తున్నారు పాపం!