ఎవరూ రాలేదనే మాట

అమెరికాలో ఇళ్ళ యజమానుల సంఘం, అదే హెచ్‌ఓఏ, బోర్డులో సీటు ఖాళీ అయితే వినిపించేది ఒకటే మాట: "ఎవరూ ముందుకు రారండీ, తెలిసినవాళ్ళను ఒకరిని వేసేసుకుంటే పోలా?" మనవాళ్ళు ఎక్కువగా ఉండే టెక్సస్‌లోని ఫ్రిస్కో కాలనీల్లోనూ ఇదే వరస. జీతం లేని పని, పైగా తిట్లు. ఒప్పుకున్నవాడే మహానుభావుడని సమర్థన. కానీ బకాయి కట్టని ఇంటిని వేలం దాకా లాగగల సంఘం అది. కేవలం జరిమానాల బాకీకి ఇల్లు వేలం వేయకూడదని టెక్సస్ చట్టంలో విడిగా రాయాల్సి వచ్చింది. అలాంటి అధికారాన్ని మొహమాటాలతో పంచుకుంటారా? డెవలపర్ పెత్తనం ముగిశాక, పదవీకాలం మధ్యలో ఖాళీ అయిన సీటునే బోర్డు తనంతట తాను నింపగలదనీ, అదీ మిగిలిన కాలానికేననీ ఆ రాష్ట్ర ప్రాపర్టీ కోడ్ 209వ అధ్యాయం చెబుతోంది. గడువు తీరిన సీటుకు ఎన్నిక తప్పదు.

అసలు ఎవరూ రాలేదంటున్నారు సరే, పిలిచిందెలా? వార్షిక సమావేశం కాగితాల్లో, బడ్జెట్ పట్టికల వెనకాల, మన ఓటును వేరొకరికి అప్పగించే ప్రాక్సీ ఫారం ఒకటి ఉంటుంది. పేరు నింపకుండా సంతకం పెడితే ఆ ఓటు బోర్డుకే దఖలు పడుతుందని చాలా చోట్ల సన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. నామినేషన్ గడువు తెలిసేసరికే దాటిపోతుంది. 100 ప్లాట్లు దాటిన సంఘాలు బ్యాలెట్లు పంపడానికి కనీసం 10 రోజుల ముందే అభ్యర్థులను ఆహ్వానిస్తూ నోటీసివ్వాలని 2015లో టెక్సస్ నిబంధన తెచ్చింది ఊరికే కాదు. మనవాళ్ళకు ఎన్నికలంటే ఆసక్తి లేదనడం మరీ విడ్డూరం. ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా ఎన్నికలొస్తే ప్యానెళ్ళు కట్టి ఖండమంతటా ప్రచారం చేసేది వీళ్ళే కదా!

ఇన్సూరెన్స్ రెన్యువల్ నెత్తిమీదుంటే కోరం కోసం కూర్చోగలమా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఫ్లోరిడా చట్టం దీన్ని ఊహించింది: కోరం లేకున్నా మిగిలిన డైరెక్టర్లు ఖాళీని నింపవచ్చు, నింపకపోతే సభ్యుడెవరైనా కోర్టుకెళ్ళి సంఘాన్ని నడిపే రిసీవర్‌ను వేయించుకోవచ్చు, ఆ ఖర్చు సంఘానిదే. కాబట్టి అత్యవసర నియామకానికి అడ్డు చెప్పడం లేదు. అడిగేదల్లా, ఖాళీ వచ్చిన వారంలోనే ప్రతి ఇంటికీ కబురు పంపమని. నెలకెన్ని గంటల పనో, ఏ కాంట్రాక్టులు ముందున్నాయో అందులో రాయమని. ఎవరిని, ఎందుకు తీసుకున్నారో మినిట్స్‌లో పెట్టమని. ఇంత చేసినా ఒక్కరూ రాకపోతే అప్పుడనండి, జనానికి పట్టదని.