ఆరు వేల దగ్గర లేవాల్సింది

2025 రంజాన్‌లో, ఐపీఎల్ మొదలవడానికి రెండు రోజుల ముందు, మందమర్రిలో మా ఇంటి వరండాలో ఒక వేలం జరిగింది. తరావీహ్ అయ్యాక మా ఇద్దరు భాంజాలు, వాళ్ల దోస్తులు మొత్తం ఎనిమిది మంది చాప వేసుకుని కూర్చున్నారు. ఒక్కొక్కడి దగ్గర కాగితం మీద వంద కోట్లు. అన్ని జట్ల ఆటగాళ్లలోంచి పదిహేను మందిని పాట పాడి కొనుక్కోవాలి. ఒకడు కొన్న ఆటగాడు ఇంకొకడికి ఉండడు. సీజనంతా ఆ పదిహేను మంది కొట్టే పరుగులకు, తీసే వికెట్లకు పాయింట్లు. అమెరికాలో వాళ్ల ఫుట్‌బాల్‌కు ఇదే ఆట 200 డాలర్ల ఉత్తుత్తి పర్సుతో ఆడతారు. మావాళ్లు క్రికెట్‌కు ఆడారు, అంతే తేడా.

లోపల తస్బీహ్ తిప్పుతున్న అబ్బాకు "వేలం" అనే మాట వినబడి, "ఏ బ్లాక్ రా?" అన్నాడు. మా ఊళ్లో వేలం అంటే బొగ్గు బ్లాకుల వేలమే మరి. 2021 డిసెంబర్‌లో మూడు రోజులు సింగరేణి మొత్తం సమ్మె చేసింది దాని మీదే. కేంద్రం వేలానికి పెట్టిన నాలుగు బ్లాకుల్లో కల్యాణిఖని ఆరో బ్లాకు, శ్రావణపల్లి ఉన్నాయి. కల్యాణిఖనిలో ముప్పై ఏళ్లకు పైగా దిగిన మనిషికి క్రికెట్ వేలం గుర్తు రావాలంటే ఎట్లా?

రెండు రోజుల తర్వాత మస్జిద్ బయట ఒక బుజుర్గ్ నన్ను పక్కకు పిలిచి, "మీ ఇంట్లో పిల్లలు జుఆ ఆడుతున్నారట కదా బేటా" అన్నారు. ఆయన నీయత్ మంచిదే. అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇది ఆ జవాబు.

అది జుఆ కాదు. కాకపోవడమే కాదు, మన ఇళ్లలో పిల్లలకు ఎవరూ నేర్పని ఒక ఇల్మ్ అందులో ఉంది. కానీ ఒక్కొక్కరు వంద రూపాయలు వేసి ఆడదాం అన్నారంటే, ఆ నిమిషంలోనే ఆ ఇల్మ్ పోతుంది, జుఆ మిగులుతుంది.

ముందు హిసాబ్ సంగతి. వంద కోట్లు, పదిహేను మంది, ఒక్కొక్కరికి కనీసం కోటి పెట్టాలి. అంటే మొదటి ఆటగాడికి ఎంత వరకు పాడొచ్చు? ఎనభై ఆరు. మిగతా పద్నాలుగు మందికి తలా కోటి అట్టిపెట్టాలి కదా. ఇంత చిన్న లెక్క ఆ ఎనిమిది మందిలో ఇద్దరే ముందుగా వేసుకున్నారు. మా పెద్ద భాంజా ముగ్గురు స్టార్ల మీద అరవై రెండు కోట్లు పెట్టేసి, మూడో వాడు దక్కగానే చప్పట్లు కొట్టాడు. మిగిలింది ముప్పై ఎనిమిది, కొనాల్సింది పన్నెండు మందిని. అక్కడి నుంచి రాత్రంతా ఇతరులు పాడుతుంటే చూస్తూ కూర్చున్నాడు.

నవ్వకండి. మన సన్‌రైజర్స్ చేసింది దాదాపు ఇదే. 2024 నవంబర్‌లో జెద్దాలో మెగా వేలం జరిగింది. అవును, మనవాళ్లు ఉమ్రాకు పోతూ దిగే జెద్దాయే. ఒక్కో జట్టుకు 120 కోట్లు. సన్‌రైజర్స్ అక్కడికి వెళ్లేసరికే ఐదుగురి మీద 75 కోట్లు అయిపోయాయి. క్లాసెన్ 23, కమిన్స్ 18, అభిషేక్, హెడ్ చెరో 14, నితీశ్ రెడ్డి 6. మిగిలిన 45లో ఇషాన్ కిషన్‌కు 11.25, షమీకి 10, హర్షల్ పటేల్‌కు 8. ఇక జట్టు మొత్తానికి మిగిలింది 15.75 కోట్లు. మొదటి మ్యాచ్‌లో ఇషాన్ సెంచరీ కొట్టాడు, ఊరంతా పండగ చేసుకుంది. సీజన్ చివరికి జట్టు ఆరో స్థానంలో ఉంది. ఓటమికి కారణాలు ఎన్నో ఉంటాయి, ఒక్క పర్సు మీదే తోసేయను. కానీ ఐదు పెద్ద తలకాయల మీద ఇల్లు కట్టినవాడికి వాటిలో రెండు తడబడితే వెనక నిలబడే వాడు ఉండడు.

సిరాజ్ పేరు రాగానే వరండాలో వేడి పెరిగింది. ఆటో డ్రైవర్ కొడుకు. 2017లో 20 లక్షల బేస్ ధరతో వచ్చి 2.6 కోట్లకు సన్‌రైజర్స్‌లో చేరినప్పుడు మా గల్లీలో మిఠాయి పంచారు. జెద్దాలో ఆయన్ని గుజరాత్ 12.25 కోట్లకు పట్టుకుపోయింది. మా పిల్లల పాటలో పందొమ్మిది దాకా వెళ్లింది. పందొమ్మిది పెట్టిన పిల్లోణ్ని ఎందుకురా అంటే, "మనోడు కదా మామూ" అన్నాడు. ఆ ఏడాది సిరాజ్ 16 వికెట్లు తీశాడు, ఉప్పల్‌లో మన సన్‌రైజర్స్ మీదే 17 పరుగులకు నాలుగు తీశాడు. మంచి బౌలింగే. కానీ పందొమ్మిదిలో ఏడెనిమిది కోట్లు మొహబ్బత్‌కు కట్టినవి. మొహబ్బత్‌కు ధర కట్టొద్దని నేననను. ఎంత కడుతున్నామో తెలిసి కట్టమంటాను.

ఇక మా భతీజీ. పదమూడేళ్లు. ఆటలో లేదు, హిసాబ్ రాయడానికి నోట్‌బుక్ ఇచ్చి కూర్చోబెట్టారు. ఎవడి దగ్గర ఎంత మిగిలింది, ఎవడికి కీపర్ లేడు, ఎవడికి బౌలర్లు నిండారు, ఎనిమిది మంది జాతకాలు ఆ పిల్ల ముందున్నాయి. పదకొండున్నరకు ఒకణ్ని వాళ్ల అమ్మ ఫోన్ చేసి ఇంటికి పిలిస్తే, వాడి పర్సు ఈమె చేతికి వచ్చింది. అప్పటికి వాడు కొన్నది ఇద్దరినే. తన వంతు వచ్చినప్పుడల్లా తనకు అక్కర్లేని ఖరీదైన పేర్లు పెట్టింది. వాటి కోసం మగపిల్లలు కొట్టుకుని పర్సులు ఖాళీ చేసుకున్నారు. ఒంటిగంట దాటాక సాయి సుదర్శన్‌ను ఏడుకు, ప్రసిద్ధ్ కృష్ణను మూడుకు తీసుకుంది. తర్వాత ఒకడు 759 పరుగులతో ఆరెంజ్ క్యాప్, ఇంకొకడు 25 వికెట్లతో పర్పుల్ క్యాప్ తెచ్చుకున్నారు. ఆ రాత్రి వాళ్ల పేర్లు వచ్చినప్పుడు పోటీ పాడే స్తోమత ఇంకొకరికి లేదు.

ఒక్కచోట దొరికిపోయింది. రిషభ్ పంత్ పేరు తనే పెట్టి, ఎవరైనా పైకి పాడతారనుకుని పద్నాలుగు అంది. అందరూ నోరు మూసుకున్నారు. పంత్ ఆమెకే అంటుకున్నాడు. జెద్దాలో 27 కోట్లు పలికి రికార్డు సృష్టించినవాడు, ఆ సీజన్‌లో 269 పరుగులే చేశాడు.

అప్పటికి అబ్బా బయటికొచ్చి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మనవరాలిని అడిగాడు. "ఆ పిల్లోడు నీకు కావాల్నా?"

"వద్దు దాదా."

"మరెందుకు పాడినవ్?"

"వాళ్ల పైసలు అయిపోవాలని."

అబ్బా ఇంకేం అనలేదు. ఆ మౌనం ఎక్కడిదో ఆ పిల్లకు తెలియదు, నాకు తెలుసు.

1996లో మా ఆపా నికాహ్ ఖరారైంది. జోడే కి రఖమ్ అడిగారు. (దీన్లో ఎక్కడా లేని ఈ రఖమ్‌ను మనం నమాజ్ అంత పాబందీగా అదా చేస్తాం. అబ్బాయికి సింగరేణి నౌకరీ ఉందంటే రేటు ఇంకో మెట్టు ఎక్కుతుంది. అదీ వేలమే. దాని సంగతి ఇంకోసారి.) అబ్బా ఒక చిట్టీలో ఉన్నాడు. ఇరవై అయిదు మంది, నెలకు వెయ్యి, మొత్తం ఇరవై అయిదు వేలు. చిట్టీ పాట మీకు తెలిసిందే. ఎవరు ఎక్కువ వదులుకుంటే డబ్బు వాళ్లది. అబ్బా ఇంట్లో అమ్మీతో చెప్పి వెళ్లాడు, "ఆరు వేలు దాటితే లేచి వచ్చేస్త."

తొమ్మిదిన్నర వేలకు పాడి, పదిహేనున్నర వేలు రుమాలులో కట్టుకుని వచ్చాడు. ఆ తొమ్మిదిన్నరలో పన్నెండు వందల యాభై నడిపేవాడి కమీషన్, మిగిలింది తలా మూడు వందల ముప్పై అందరికీ. లోటు పూడ్చడానికి అమ్మీ గాజులు వెళ్లాయి. చివరి దాకా ఎదురుపాట పాడిన మనిషికి డబ్బు అవసరమే లేదని, చిట్టీ నడిపేవాడే కూర్చోబెట్టాడని మాకు రెండేళ్ల తర్వాత తెలిసింది.

కొనే నీయత్ లేకుండా ఎదుటివాడికి ధర ఎక్కించడానికి పాడటాన్ని హదీస్‌లో నజ్ష్ అన్నారు, మనా చేశారు. బుఖారీలో ఉంది, ముస్లింలో ఉంది. మరి మా భతీజీ చేసింది నజ్షేనా? నేను చాలా ఆలోచించాను. కాగితం కోట్లతో, అందరికీ తెలిసిన ఖాయిదాల మీద ఆడే ఆటలో అది ఎత్తుగడ. ఎవరి గాజులూ పోలేదు. పైగా పంత్ అంటుకుంటే ఆమె పద్నాలుగూ కట్టింది, చిట్టీలో కూర్చున్న మనిషి ఏమీ కట్టలేదు. అయినా ఆ ఎత్తుగడ ఎట్లా పనిచేస్తుందో ఆ ఎనిమిది మంది కళ్లారా చూశారు చూడండి, నాకు కావలసింది అదే. రేపు చిట్టీలోనో, ప్లాట్ల బేరంలోనో ఎదురుగా ఒకడు ఊరికే ధర పెంచుతుంటే గుర్తుపట్టగలరు. 1996లో అబ్బాకు గుర్తుపట్టడం రాలేదు.

గుర్తుపట్టినా లేవగలిగేవాడా? నికాహ్ తారీఖు ఖరారైంది, కార్డులు పంచేశారు. ఆరు వేలు అనేది ఇంట్లో అనుకున్న మాట, లేచి రావడానికి తోవ మిగుల్చుకోని మాట. పిల్లల ఆటలోనూ ఇది కనబడింది. ప్రతి టీమ్‌కు ఇద్దరు కీపర్లు ఉండాలని ఖాయిదా పెట్టుకున్నారు. రాత్రి రెండు గంటలకు, రోజూ ఆడే గ్యారంటీ ఉన్న కీపర్ ఒక్కడే మిగిలాడు. అవసరం ఇద్దరికి. పదకొండు కోట్లకు పోయాడు. అంతకంటే మంచి ఆటగాడు బట్లర్ గంట ముందు తొమ్మిదికి పోయినప్పుడు ఆ ఇద్దరూ "ఇంకా చాలామంది ఉన్నారులే" అనుకుని ఊరుకున్నారు. పర్సులో ఎంత ఉందన్నది ఒక లెక్క. ఏది లేకపోయినా నడుస్తుంది, ఏది లేకపోతే నడవదు, నడవనిదాన్ని ఎంత ముందుగా కొనాలి అన్నది దానికంటే పెద్ద లెక్క.

వేలమే తప్పనేవాళ్లకు అబూ దావూద్‌లోని ఒక రివాయత్ గుర్తు చేస్తాను. సాయం అడగడానికి వచ్చిన ఒక అన్సారీ ఇంట్లో ఉన్న కంబళి, గిన్నె తెప్పించి రసూలుల్లాహ్ (స) స్వయంగా వేలం వేశారు. ఒకరు ఒక దిర్హమ్ అంటే, ఇంకా ఎక్కువ ఇచ్చేవారున్నారా అని అడిగి రెండు దిర్హమ్‌లకు ఇచ్చారు. ఒక దిర్హమ్ ఇంటి తిండికి, ఒకటి గొడ్డలికి. ఆ మనిషి కట్టెలు కొట్టి అమ్మి పదిహేను రోజుల్లో పది దిర్హమ్‌లతో తిరిగొచ్చాడు. వేలం, బడ్జెట్ రెండూ అందులోనే ఉన్నాయి.

ఇప్పుడు పైసల సంగతి. ఆ రాత్రి మావాళ్లు కూడా తలా రెండు వందలు వేసి, గెలిచినవాడికి ఇద్దాం అన్నారు. అబ్బా వద్దన్నాడు. అందరి జేబుల్లోంచి తీసి ఒకడికి ఇవ్వడమే ఖిమార్, అది రెండు వందలైనా రెండు లక్షలైనా. గెలిచినవాడికి హలీమ్ తను తినిపిస్తానన్నాడు. ఆడేవాళ్లు కాక బయటివాళ్లు ఇచ్చే ఇనామ్ సంగతి వేరు అంటారు, కానీ అందులోనూ ఉలమా మధ్య మాటలున్నాయి, మీ ముఫ్తీ సాబ్‌ను అడగండి.

ఫిఖ్‌హ్ పక్కన పెట్టినా, పైసలు పడగానే ఆట మారిపోతుంది. కాగితం మీద ఓడినవాడు ఎక్కడ తప్పాడో వెతుక్కుంటాడు. వంద రూపాయలు పోగొట్టుకున్నవాడు ఆ వంద వెనక్కి రావాలంటాడు. మా ఖాలా మనవడు ఒకడు ఇంజనీరింగ్ హాస్టల్ ఫీజు కోసం ఇంట్లో ఇచ్చిన నలభై మూడు వేలు ఇట్లాగే ఏదో యాప్‌లో ఒక్క సీజన్‌లో పోగొట్టాడు. క్రికెట్ మీద వాడికున్న ఇల్మ్ నాకంటే పదింతలు. తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టం మార్చి, నైపుణ్యం ఆటలన్న మినహాయింపు కూడా తీసేసింది. డ్రీమ్11 లాంటివి మన రాష్ట్రంలో పైసల పోటీలు పెట్టలేకపోయాయి. అయినా వీడు లొకేషన్ మార్చి ఆడాడు. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ డబ్బు ఆటలు బంద్ చేస్తూ చట్టం తెచ్చింది. అల్‌హమ్దులిల్లాహ్. కానీ యాప్ పోయినంత మాత్రాన పిల్లోడి మనసులోని షౌక్ పోదు. ఆ షౌక్‌ను మనం వరండాలోకి పిలవకపోతే అది ఇంకో తోవ వెతుక్కుంటుంది. ఫోన్ లాక్కుని "హరామ్" అనేస్తే మన బాధ్యత అయిపోయిందనుకోవడం నాకు ఒప్పుదల కాదు.

సీజన్ అయ్యాక మా పెద్ద భాంజా ఎనిమిదో స్థానం. భతీజీ రెండోది. ఒక్క పంత్ స్థానంలో మామూలు ఆటగాడున్నా మొదటిదయ్యేదని తనే లెక్క చేసి చూపించింది. హలీమ్ తిన్నది ఇంకొకడు. వాడు ఆ రాత్రంతా ఏ ఆటగాడికీ పన్నెండు దాటలేదు, ఎవరికీ పెద్దగా గుర్తు కూడా లేడు.

వచ్చే రంజాన్‌కు కొత్త నోట్‌బుక్ కొనిపెట్టింది. మొదటి పేజీలో ఎనిమిది పేర్లు రాస్తుంటే అబ్బా వచ్చి, తొమ్మిదో వరుసలో తన పేరు రాయమన్నాడు. "ఎంత దాకా పాడతావ్ దాదా?" అని అడిగింది. చెప్పలేదు. కాగితం ముక్క మీద ఏదో రాసి, మడిచి, షేర్వానీ జేబులో పెట్టుకున్నాడు.