వణుకు ఎప్పుడు వస్తోంది, అయ్యగారూ?



ఈ నెల మీతో మా సంఘపు జీపు సంగతి చెప్పాలి. అరకులోయ చుట్టుప్రక్కల గ్రామములకు ఆరాధనకు వెళ్లేది అందులోనే. అర్ధరాత్రి నొప్పులు వచ్చిన తల్లిని ఆసుపత్రికి చేర్చేదీ అందులోనే. కాఫీ, మిరియాలు అమ్ముకున్న కుటుంబములు ఇచ్చిన కానుకలతో కొన్న బండి అది. దాని మరమ్మతుకు పెట్టే ప్రతి రూపాయిలో ఎవరిదో ఒకరి చెమట ఉంది.

వర్షాకాలము చివరలో ఆ జీపుకు వణుకు పట్టుకుంది. అనంతగిరి ఘాటులో మెల్లగా నడిచినంతసేపు ఏమీ ఉండదు. ఎస్.కోట దాటి విశాఖ వైపు మైదానములో వేగము అందుకోగానే సీటు క్రింద గడగడలాడేది. మెకానిక్కు దగ్గరకు వెళ్లి, "బాబూ, బండి వణుకుతోంది" అన్నాను. అతడు బానెట్ ఎత్తి చూసి, ఇంజను క్రింది రబ్బరు మౌంటింగులు పోయాయన్నాడు. మార్పించాను. వణుకు పోలేదు. మరల వెళ్తే, "ఇక గేరుబాక్సు దింపి చూడాల్సిందే, అయ్యగారూ" అన్నాడు. ఖర్చు వింటే గుండె జారింది.

ఆ రాత్రి నాకు రెండు ఆలోచనలు వచ్చాయి. ఇతడు నన్ను మోసము చేస్తున్నాడేమో అన్నది ఒకటి. యంత్రముల గురించి ఏమీ తెలియని నేను అడగడమేమిటి, చెప్పినట్టు చేయిద్దాము అన్నది రెండవది. మొదటిది ఆధారము లేని అనుమానము. రెండవది వినయపు వేషము వేసుకున్న సోమరితనము.

మా సంఘములో చాలా కాలము లారీ నడిపిన ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన నన్ను ప్రక్కన కూర్చోబెట్టుకొని మూడు పరీక్షలు చేయించారు.

మొదటిది: బండి నిలబెట్టి, హ్యాండు బ్రేకు వేసి, న్యూట్రల్లో ఇంజను వేగము పెంచాలి. అప్పుడే వణికితే అనుమానము ఇంజను వైపు వెళ్తుంది. మా బండి వణకలేదు.

రెండవది: ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద ఒకే వేగములో టాపు గేరులోనూ, దాని క్రింది గేరులోనూ నడపాలి. గేరు మారితే ఇంజను తిరిగే వేగము మారుతుంది, చక్రముల వేగము మారదు. మా బండి రెండు గేర్లలోనూ 60 కిలోమీటర్ల దగ్గరే వణికింది. అంటే తప్పు ఇంజనులో కాదు, చక్రములలోనో వాటిని తిప్పే షాఫ్టులోనో ఉందన్నమాట. (డీజిలు మిగులుతుందని కొందరు ఘాటు దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తారు. అది ఎన్నడూ చేయవద్దు. ఇంజను పట్టు పోయి, భారమంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి పనిచేయకుండా పోతాయి.)

మూడవది: వణుకు ఎక్కడ తెలుస్తోంది? స్టీరింగులో అయితే సాధారణముగా ముందు చక్రములు. సీటులో, కాళ్ల క్రింద అయితే వెనుక చక్రములు లేదా షాఫ్టు. బ్రేకు తొక్కినప్పుడే వస్తే బ్రేకు డ్రమ్ములో, డిస్కులో చూడాలి.

మాది సీటులో. క్రిందికి వంగి చూస్తే వెనుక చక్రము రిమ్ము లోపల ఎర్రమట్టి పిడకలా అంటుకొని ఎండిపోయి ఉంది! ఇంత మట్టికి అంత వణుకా అనుకున్నాను. చక్రములో ఒక ప్రక్క బరువు ఎక్కువైతే, వేగము రెండింతలైనప్పుడు దాని కుదుపు బలము నాలుగింతలు అవుతుందట. అందుకే ఘాటులో తెలియనిది మైదానములో తెలిసింది.

మట్టి గీకేశాము. వణుకు చాలావరకు పోయింది కానీ పూర్తిగా పోలేదు. ఆక్సిలరేటరు తొక్కితే సన్నగా వచ్చేది, వదిలితే తగ్గేది. ఇదంతా కాగితము మీద వ్రాసుకొని మెకానిక్కు దగ్గరకు వెళ్లాను. నీవు తప్పు చెప్పావని అనలేదు. "బాబూ, గేరుబాక్సు దింపక ముందు ఇవి ఒకసారి చూస్తావా?" అన్నాను.

అతడు చదివి, మారు మాటాడకుండా బండి క్రిందకు దూరి, షాఫ్టు పట్టుకొని అటూ ఇటూ తిప్పాడు. దాని క్రాస్ అరిగి వదులైపోయింది. అది ఘాటులో విరిగితే షాఫ్టు ఊడి పడేది. మట్టి గీకి చాలనుకున్నా ప్రమాదమే జరిగేది. గేరుబాక్సు ముట్టుకోకుండా క్రాస్ ఒక్కటే మార్చాడు. వణుకు పోయింది.

చేతులు తుడుచుకుంటూ అతడన్న మాట ఇది: "మొదటి రోజు మీరు వణుకుతోందని మాత్రమే చెప్పారు, అయ్యగారూ. ఎప్పుడు వణుకుతోందో చెప్పలేదు. నేనూ మీతో బండెక్కి చూడాల్సింది."

ఇద్దరి తప్పూ అందులో ఉంది. నేను తలవంచుకున్నాను.

కాబట్టి ప్రియులారా, ఆటో అయినా, మోటారు సైకిలు అయినా షెడ్డుకు తీసుకువెళ్లే ముందు నాలుగు మాటలు వ్రాసుకోండి. ఎప్పటినుండి వస్తోంది, అంతకు ముందు పంక్చరు వేయించామా, గెడ్డ దాటామా, ఎంత వేగములో వస్తోంది, ఎక్కడ తెలుస్తోంది. మెకానిక్కును ప్రక్కన ఎక్కించుకొని చూపించండి. తీసివేసిన పాత సామాను చూపించమని అడగండి. చక్రము నట్లు వదులైనా, స్టీరింగు ఎక్కువగా ఊగినా బండి అక్కడే ఆపండి.

బిడ్డను డాక్టరు గారి దగ్గరకు తీసుకువెళ్లినప్పుడు కూడా అంతే. "ఒంట్లో బాగోలేదు" అంటే చాలదు. జ్వరము ఏ రోజు మొదలైంది, చలితో వస్తోందా, రోజు విడిచి రోజు వస్తోందా చెప్పాలి. మలేరియా తిరిగే మన కొండలలో ఆ మాట ప్రాణము నిలబెట్టవచ్చు.

మర్యాదగా అడిగిన ప్రశ్న పనివాణ్ణి అవమానించదు. అతని పనికి సాయము చేస్తుంది.

వచ్చే నెల మరల కలుసుకుందాము.