నాటి పిచ్చరులు – నేటి పిచ్చరులు

పూర్వులతో నేటివారు సరితూగరను మాట ప్రతి క్రీడయందును వినబడుచుండును. అమెరికావారి బేసుబాలు ఆటలో బంతి విసరు పిచ్చరుల విషయమునను అట్లే. 1890 మొదలు 1911 వరకు ఆడిన సై యంగు 511 ఆటలు గెలిచెను. 749 ఆటలను మొదటినుండి తుదివరకు తానొక్కడే విసరెను. నేటి పిచ్చరు సాధారణముగా ఐదారు ఇన్నింగ్సులు విసరి తప్పుకొనును. అంతమాత్రమున అతడు అల్పుడా?

నాటి నియమములు వేరు, నేటి నియమములు వేరు. బంతికి ఉమ్మి రాచి విసరుట పూర్వము చెల్లెను. 1920లో దానిని నిషేధించిరి. 1968లో బాబు గిబ్సను తొమ్మిది ఇన్నింగ్సులకు సగటున 1.12 పరుగులే యిచ్చెను. మరుసటి సంవత్సరమే పిచ్చరు నిలుచు దిబ్బ యెత్తును 15 అంగుళములనుండి 10 అంగుళములకు తగ్గించిరి. పూర్వుల ప్రతాపమే తరువాతివారి పనిని కష్టతరము చేసెను గదా!

2018లో జేకబు డిగ్రాము 10 ఆటలే గెలిచెను. అయినను 1.70 పరుగుల సగటును జూచి, సై యంగు పేర నెలకొల్పిన బహుమానమునే అతనికిచ్చిరి. తోడి యాటగాండ్రు పరుగులు తీయలేకపోయిన లోపమును నిర్ణేతలు అతనిపై మోపలేదు. ఇదియే న్యాయము.

తలాంతుల యుపమానము నెరిగిన విద్యార్థులారా! ఎవనినైనను వానికి దొరకిన కాలమును, సాధనములను బట్టి తూచుడు. పూర్వుల కీర్తిని తగ్గింపకుడు; నేటివారి శ్రమను చులకన సేయకుడు.